పరదా వెనక ఇరవై రెండు తలలు

పోయిన వారం మనం రామనారాయణను వరండాలో, పరిచిన కాగితాల మీద బోర్లా పడుకోబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అలాగే ఉన్నాడు. వారం రోజులు ఒకే భంగిమలో ఉన్న మనిషిని ఇంకా కష్టపెట్టడం న్యాయం కాదు కాబట్టి, జరిగిన సంగతి నాలుగు మాటల్లో గుర్తు చేసుకుని అతన్ని లేపేద్దాం.

ఉదయగిరి కొండ కింది వీధిలో ఒక పాత మిద్దె ఉంది. యూనివర్సిటీ వాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని 'జ్ఞాపకశక్తి, మెదడు పరిశోధన కేంద్రం' అని బోర్డు కట్టారు. బోర్డు మిద్దె కంటే నాలుగు అంగుళాలు పొడుగు. అంత పేరు పలికే తీరిక ఊళ్ళో ఎవరికీ లేక 'తలకాయల ఆఫీసు' అంటారు. లోపల ఒక యంత్రం. తలకి వైర్లు అంటిస్తే, మెదడులో పుట్టే కరెంటును ఎనిమిది పెన్నులతో కాగితం మీద గీతలుగా గీస్తుంది. ఎనిమిదింటిలో అయిదు రాస్తాయి. ఒకటి బుద్ధి పుట్టినప్పుడు రాస్తుంది. మిగిలిన రెండూ మొదటి ఎండాకాలంలోనే సిరా ఎండిపోయి రిటైరయ్యాయి.

చదువు రానివాళ్ళు విన్న మాటను ఎలా గుర్తుపెట్టుకుంటారు, అప్పుడు మెదడు ఏం చేస్తుంది అన్నది రామనారాయణ థీసిస్. జలదంకి దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంటి పిల్లాడు, ఇరవై ఏడేళ్ళు, నాలుగేళ్ళుగా ఇదే పని. ఇరవై రెండు మంది మగవాళ్ళు, ఇరవై రెండు మంది ఆడవాళ్ళు కావాలి. రెండు జట్లవీ గీతలు తీయడం అయిపోయింది. మార్చి నెలాఖరుకి స్కాలర్‌షిప్పూ ఆఖరు, యంత్రం యూనివర్సిటీకి తిరిగి వెళ్ళిపోవడమూ ఆఖరు. ఇవాళ మార్చి ఇరవై. ప్రొఫెసర్ రాజమోహన్ గారు మధ్యాహ్నం బస్సుకి వచ్చి ఆడవాళ్ళ కాగితాలు పట్టుకుపోతారు. ఆయన ఆ కాగితాలు పైపైన చూసి, పోయిన నెలే యూనివర్సిటీలో ఒక మీటింగులో లేచి నిలబడి, "పశ్చిమ నెల్లూరు స్త్రీల మెదడు తరంగాల్లో ఇంతవరకూ ప్రపంచంలో ఎక్కడా కనపడని ఏకత్వం ఉంది" అని ప్రకటించేశారు కూడా.

ఎందుకు ఉండదు?

తలకి వైర్లు అంటించినా గుండె ఊరుకోదు. దాని దెబ్బలు కూడా మెదడు గీతల మధ్య చిన్న చిన్న ముళ్ళలాగా వచ్చి దిగుతాయి. మెదడు వాళ్ళ దృష్టిలో గుండె అంటే చెత్త. ఆ ముళ్ళకి ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి లెక్కలోంచి తీసేస్తారు. ఇవాళ పొద్దున కట్టలు సర్దుతూ టెక్నీషియన్ రసూల్ ఆ ఎర్ర సున్నాలు వరసగా చూశాడు. ఇరవై రెండు మంది ఆడవాళ్ళ గుండెలూ ఒకే తప్పు చేస్తున్నాయి. కొన్ని దెబ్బలు బుద్ధిగా పడతాయి, ఒకటి తొందరపడి ముందే వచ్చేస్తుంది, తరవాత సిగ్గుపడినట్టు కాసేపు ఆగుతుంది, మళ్ళీ బుద్ధి.

"సారూ," అన్నాడు రసూల్, "ఇవి ఇరవై రెండు తలకాయలు కాదు. ఒక్కటే."

రామనారాయణ బోర్లా పడింది అప్పుడే. ఇక లేపుదాం.

"ఒక్కటంటే ఎవరిది రసూలన్నా?" అన్నాడు లేచి కూర్చుంటూ. చొక్కా మీద సిరా అంటుకుంది.

"నాకెట్ట తెలుస్తది? నేను పరదాకి ఇవతల ఉంటి గదా. నువ్వూ ఇవతలే ఉంటివి. అవతల ఏం జరిగిందో ఆ దేవుడికి, హన్నమ్మకి తెలియాల."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవుణ్ణి పిలవడం కష్టం. హన్నమ్మ వంటింట్లోనే ఉంది.

పరదా సంగతి చెప్పాలి. మగవాళ్ళతో పేచీ లేదు. ఆఫీసుకి వెళ్తున్నాం కదా అని మర్యాదగా తలకి అరసోల కొబ్బరినూనె పెట్టుకుని వచ్చేవాళ్ళు. అంటించిన వైర్లు నిమిషంలో జారి భుజాల మీదికి, అక్కణ్ణుంచి ఒళ్ళోకి వచ్చేవి. మొదటి మూడు వారాలు యంత్రం ఉదయగిరి మగవాళ్ళ మోకాళ్ళ ఆలోచనలు రాసింది. తరవాత హన్నమ్మ పెరట్లో కుంకుడుకాయల కుండ పెట్టి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు వంగదీసి తల రుద్దేది. ఊళ్ళో మంగళ్ళకి కూడా అంత పని ఉండేది కాదు.

ఆడవాళ్ళ విషయం అలా కాదు. పరాయి మగాళ్ళ ముందు జడ విప్పుకుని కూర్చునేది ఎవరు? అందుకని గది మధ్యలో మందపాటి పరదా కట్టారు. వైర్లు అంటించడం రసూల్ నెలరోజులు హన్నమ్మకి నేర్పాడు. విదేశీ జిగురు అయిపోతే ఆమే చిక్కటి గంజిలో ఉప్పు కలిపి దానికంటే గట్టిగా అంటించింది. పరదా అవతల హన్నమ్మ, వచ్చిన ఆడమనిషి. పరదా కిందనుంచి వైర్లు మాత్రం ఇవతలికి వచ్చేవి. రామనారాయణ ఇవతల నుంచి పదిహేను మాటలు చదివేవాడు: "గరిటె, గొడ్డలి, నిప్పు, నిచ్చెన..." అవతల నుంచి ఆమె తిరిగి చెప్పేది. గొంతులు ఇరవై రెండూ వేరు వేరు. అందులో అనుమానం లేదు. మదార్‌బీ గొంతు వింటే యంత్రం పెన్నులే ఒకసారి ఉలిక్కిపడ్డాయి.

"గొంతులు వేరు, తల ఒకటి," అన్నాడు రామనారాయణ. "ఎట్నా కుదిరింది అన్నా?"

రసూల్ నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. రసూల్ రేడియోలు బాగుచేసేవాడు. యంత్రం ఊళ్ళోకి వచ్చిన మొదటిరోజే మొరాయిస్తే, మద్రాసు ఇంజనీరు రావడానికి నలభై రోజులు అన్నారు. రసూల్ నలభై నిమిషాల్లో తిప్పి, మిగిలిపోయిన మూడు స్క్రూలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఇవి ఎక్కువైనాయి" అని. యూనివర్సిటీ అతన్ని అప్పట్నుంచి వదల్లేదు. అలాంటి మనిషి మాట్లాడకుండా కూర్చున్నాడంటే ఏదో విప్పబోతున్నాడన్న మాట.

హన్నమ్మ టీ తెచ్చింది. ఊడవడానికి, నీళ్ళు మోయడానికి అని ఆమెను పెట్టుకున్నారు. మూడు నెలల్లో ఆఫీసు మొత్తం ఆమే నడపడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ బాధపడతారని ఆ సంగతి వాళ్ళకి తెలియనివ్వలేదు.

"ఏందబ్బయా, కాగితాలన్నీ కింద పరిచినారు? నేనిప్పుడే గదా ఊడ్చింది," అంది.

"హన్నమ్మా, చెయ్యి ఇట్లియ్యి," అన్నాడు రసూల్.

"గాజులు తొడిగిస్తావా ఏంది, ఈ వయసులో?"

"ముందు ఇయ్యి."

ఆస్పత్రిలో కాంపౌండరు పట్టుకునేది చూసి చూసి, రసూల్ కూడా అలాగే మూడు వేళ్ళు ఆమె మణికట్టు మీద పెట్టాడు. రెండో చేతి వేలితో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. టక్. టక్. టక్. టక్. టక్‌టక్. వేలు గాలిలో ఆగిపోయింది. టక్.

రామనారాయణ ఒళ్ళో ఉన్న కాగితం వైపు చూశాడు. ముల్లు, ముల్లు, ముల్లు, ముల్లు, రెండు ముళ్ళు ఆనుకుని, ఖాళీ, మళ్ళీ ముల్లు. కాగితం పైన 'మదార్‌బీ, వయసు 34' అని అతని చేతిరాతే. నడక మాత్రం బల్ల మీద వినపడినదే.

"అవ్వా," అన్నాడు. "మదార్‌బీ కూచోవాల్సిన చోట నువ్వు కూచున్నావా?"

"కూచున్నా," అంది హన్నమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరావా అంటే ఏరాను అన్నట్టు.

"ఓబమ్మ?"

"ఆమెకీ నేనే."

"ఇరవై రెండు మందికీ?"

"ఇరవై ఒకటే. శీనమ్మ మొదట వైర్లు పెట్టించుకునింది అబ్బయా. అయిదు నిమిషాలకి ఏడ్చి పీకేసింది. అందుకని ఆమెకి కూడా నేనే. అంతా కలిపితే ఇరవై రెండు."

లెక్కల్లో హన్నమ్మ ఎప్పుడూ తప్పు చేయదు.

రసూల్ చెయ్యి వదిలేశాడు. హన్నమ్మ నేల మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, అడక్కుండానే చెప్పింది.

"ఆ మిషను మనసులో మాటలు రాస్తదని ఊరంతా చెప్పుకునినారు. మదార్‌బీ వచ్చింది, జడ కూడా విప్పింది, వైరు చూడంగానే లేచి నిలబడింది. 'అక్కా, నా మనసులో మా అత్త గురించి ఉండాది. ఎనిమిది పెన్నులుండాయి. ఒక్క పెన్ను రాసినా నా కాపరం పోద్ది' అనింది. నేను పరదా సందులోంచి నిన్ను చూసినా. పదకొండు రోజుల్నుంచి ఒక్క ఆడమనిషి రాక, నువ్వు మొహం ఇంత చేసుకోని కూచోనుండావు. అన్నం కూడా సరిగా తినలా. సరేలేమే, నువ్వు పక్కన కూచోని బదులు చెప్పు, వైర్లు నేను పెట్టుకుంటా అన్నా. ఆమెకి మోమాటం తీరింది, నీకు కాగితం వచ్చింది. దాంట్లో తప్పేంది?"

"తప్పేందా! మదార్‌బీ చెప్పే బదులుకి నీ తలలో గీతలెందుకు వస్తాయి అవ్వా?"

"వచ్చినాయి గదా. గజాలు గజాలు వచ్చినాయి."

రసూల్‌కి నవ్వొచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

"తలకాయ ఎవరిదైతే ఏంది అబ్బయా?" హన్నమ్మ నిజంగానే అడిగింది. "ఆఫీసు తెరిచిన రోజు పెద్ద సారు మైకు పట్టుకోని చెప్పలా? కులమనీ మతమనీ ఆడా మగా అనీ పైన ఎన్నైనా ఉండనీ, లోపల మనుషులందరి మెదడూ ఒకటే అని? నేను ముందు వరసలో కూచోని విన్నా. అంత చదువుకున్న మనిషి అబద్ధం చెప్తాడా?"

దీనికి యూనివర్సిటీలో ఎవరూ రామనారాయణకి సమాధానం నేర్పలేదు. సమాధానం లేనప్పుడు మనుషులకి కోపం వస్తుంది.

"ఊడవడానికి పెట్టుకుంటే ఊడ్చి ఊరుకోవాల!" అన్నాడు లేచి నిలబడి. "నాలుగేళ్ళు అవ్వా! నాలుగేళ్ళ చాకిరీ నువ్వు గంజి పూసి నాశనం చేసినావు. పది రోజులాగితే స్కాలర్‌షిప్పు లేదు. మిషను లేదు. మా నాయన ముందర ఏం మొహం పెట్టుకోని నిలబడాల నేను? నీకేం తెలుసు, అసలు నీకేం తెలుసని..."

"నారాయణా," అన్నాడు రసూల్. సారూ అని కాకుండా పేరుతో పిలవడం అదే మొదలు.

రామనారాయణ ఆగాడు. చాలా ఆలస్యంగా ఆగాడు.

హన్నమ్మ కొంచెంసేపు కాగితాల వైపు చూసి, "అట్నా," అంది. తరవాత రసూల్ వైపు తిరిగి, "ఇప్పుడు వాళ్ళే వచ్చి కూచుంటే పనికొస్తదా?" అని అడిగింది.

"ఎందుకు రాదు? మిషను ఇంకా పదకొండు రోజులు ఇక్కడే ఉంటది. రోజుకి ఇద్దరు వస్తే సరిపోద్ది," అన్నాడు రసూల్. "నాలుగు నెలల్లో రానివాళ్ళు పదకొండు రోజుల్లో ఎవరొస్తారు? గమ్మునుండు."

"టీ చల్లారిపోద్ది, తాగండి," అంది. లేచి, కొంగు నడుముకి చెక్కుకుని, చెప్పులేసుకుంది. గడప దాటేటప్పుడు ద్వారబంధం పట్టుకుని కాసేపు నిలబడింది. కోపంతో నిలబడిందనుకున్నారు ఇద్దరూ. తరవాత ఎండలోకి వెళ్ళిపోయింది.

టీ ఎవరూ తాగలేదు.

"ఇంటికి పోయింటది," అన్నాడు రసూల్. "సందేళకి నువ్వే పోయి రెండు మంచి మాటలు చెప్పు. ముందు పెద్ద సారుకి ఏం చెప్తావో ఆలోచించు. ఎలకలు కొరికేసినాయి అందామా?"

"మగవాళ్ళ కట్టలు ముట్టుకోకుండా, ఆడవాళ్ళవే ఏరి ఏరి కొరికినాయా?"

"మన ఊరి ఎలకలకి అభిరుచి ఎక్కువని చెప్దాం."

"రసూలన్నా."

"పోనీ నిప్పంటుకునింది అందామా? మిషన్లోంచి పొగ నేను తెప్పిస్తా. దానికి పెద్దగా కష్టపడక్కర్లే, మామూలుగా వేస్తే చాలు."

"నిజం చెప్తా," అన్నాడు రామనారాయణ.

రసూల్ కాసేపు అతన్ని చూసి, తల ఊపి, పెన్నుల్లో సిరా పొయ్యడానికి లోపలికి వెళ్ళాడు. ఇక ఎవరి తలా రాసే పనిలేకపోయినా, పెన్నులు ఎండితే అతని మనసు ఒప్పదు.

ప్రొఫెసర్ రాజమోహన్ గారు పన్నెండున్నరకి దిగారు. ఆత్మకూరు దాకా బస్సు మామూలుగా వచ్చిందనీ, ఆత్మకూరు దాటాక దారిలో ఉన్న దుమ్మంతా బస్సెక్కి ఆయన పక్క సీట్లో కూర్చుందనీ ఆయన చొక్కా చూస్తేనే తెలుస్తోంది. సన్నటి మనిషి. బ్రీఫ్‌కేసు ఆయన కంటే బరువుగా ఉంటుంది. గడపలోనే నవ్వుతూ, "ఎక్కడయ్యా నా ఇరవై రెండు మంది ఆడపడుచులు?" అన్నారు.

రామనారాయణ చెప్పేశాడు. నీళ్ళు కూడా ఇవ్వకుండా, నిలబడినవాడు నిలబడినట్టే, మొదట్నుంచి చివరిదాకా చెప్పేశాడు. తను హన్నమ్మను అన్న మాట కూడా దాచలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం గోడ వైపు చూశాడు.

ప్రొఫెసర్ గారు బ్రీఫ్‌కేసు కింద పెట్టి, దాని మీదే కూర్చున్నారు.

"ఏ తలైనా ఒకటేనని ఆవిడకి ఎవరు చెప్పారు?"

రామనారాయణ రసూల్ వైపు చూశాడు. రసూల్ యంత్రం వైపు చూశాడు.

"మీరే సార్," అన్నాడు రసూల్. "ఆఫీసు తెరిచిన రోజు. మైకులో."

"ఆరోజు ఎంతసేపు మాట్లాడాను?"

"గంటా ముప్పావు సార్. నడుమ రెండుసార్లు కరెంటు పోయింది. అయినా ఆపలా మీరు."

"ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను," అన్నారు మెల్లగా. "నా మాట పూర్తిగా నమ్మి ఆచరణలో పెట్టిన మనిషి ఈవిడ ఒక్కతే." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రపంచంలో ఎక్కడా లేని ఏకత్వం అన్నాను కదయ్యా మీటింగులో. అందరూ చప్పట్లు కొట్టారు."

"తప్పయిపోయింది సార్," అన్నాడు రామనారాయణ.

"నీది కాదు. ఇరవై రెండు కాగితాలు ఒకేలా ఉంటే అనుమానపడాల్సింది నేను. నేను ఆనందపడ్డాను." లేచారు. "సరే, పారేసేముందు ఒకసారి చూద్దాం. తేదీల వరసలో పరుచు."

"ఎందుకు సార్, ఇంకేం పనికొస్తాయి?"

"అలవాటయ్యా. దేన్నీ వరసలో పెట్టకుండా పారెయ్యలేను."

వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచారు. నవంబరు మొదటివారం మదార్‌బీ. డిసెంబరులో ఓబమ్మ. సంక్రాంతి పోయాక ఏడుగురు. ఫిబ్రవరి ఆఖరున శీనమ్మ. ప్రొఫెసర్ గారు పంచె పైకి కట్టి, మోకాళ్ళ మీద పాక్కుంటూ మొదలుపెట్టారు. ఇంత పెద్ద ప్రొఫెసర్ పాకడం చూసి రసూల్‌కి ఏం చేయాలో తోచక మర్యాద కోసం తనూ పాకాడు.

ఓబమ్మ కట్ట దగ్గర ప్రొఫెసర్ గారు కనుబొమలు ముడిచారు. జనవరి కట్టల దగ్గర వేలితో ఎర్ర సున్నాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ లెక్కపెట్టారు.

"ఈ ఎర్ర సున్నాలు ఎవరు చుట్టారు?"

"నేనే సార్. గుండె దెబ్బలు. చెత్త కింద తీసేసినా," అన్నాడు రామనారాయణ.

"మదార్‌బీ పేరుతో ఉన్న కట్ట ముప్పై పేజీలు. తప్పిన దెబ్బలు ఎన్ని?"

రామనారాయణ తిప్పాడు. "నాలుగు సార్."

"శీనమ్మ కట్టలో?"

తిప్పుతున్న చెయ్యి మూడో పేజీ దగ్గర నెమ్మదించింది. ఆరో పేజీ దగ్గర ఆగిపోయింది.

"పేజీకి మూడు ఉన్నాయి సార్. కొన్నింట్లో నాలుగు."

పేజీ అంటే పది సెకన్లు. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

నాలుగు నెలలు. ఒకే మనిషి. వారం వారం, తేదీ వేసి, పేరు మార్చి, ఒక గుండె సంగతి వాళ్ళు గజాల కొద్దీ రాసుకున్నారు. రాసుకుని, ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి, పక్కకి తీసేశారు.

"సార్, పొద్దున చెయ్యి పట్టుకున్నప్పుడు," అన్నాడు రసూల్, "అయిదు దెబ్బలకి ఒకటి తప్పింది. నేను ఎవరి తలో కనుక్కోవాలని చూస్తి గానీ..."

"ఆవిడ వయసెంత?"

"ఆమెనడిగితే నలభై. చర్చి రిజిస్టరునడిగితే అరవై రెండు," అన్నాడు రామనారాయణ. ఎప్పుడూ ఈ మాటకి అందరూ నవ్వేవాళ్ళు.

"ఇది నా విద్య కాదు," అన్నారు ప్రొఫెసర్ గారు. "చిన్న విషయమే కావచ్చు. కాకపోవచ్చు కూడా. గుండె డాక్టరు చూడాలి. మూడింటి బస్సుకి నెల్లూరు తీసుకెళ్దాం. అందాకా ఆవిడ బరువులెత్తకూడదు, ఎండలో తిరగకూడదు, కొండెక్కకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు. ఎక్కడుంది?"

ఎండలో పంపింది తనే. మనసు కష్టపెట్టిందీ తనే. రామనారాయణ చెప్పులు కూడా వెతుక్కోకుండా వరండా మెట్లు దిగాడు. రసూల్ గోడకి ఆనించిన సైకిలు లాగాడు.

"ఇంటికాడ చూద్దాం పద. నువ్వు వెనక కూచో..."

వీధి మొదట్లో గోల వినిపించింది.

ముందు మదార్‌బీ గొంతు వచ్చింది. ఎప్పటిలాగే మనిషి కంటే అర ఫర్లాంగు ముందు వచ్చింది. తరవాత మదార్‌బీ. ఆమె వెనక ఇద్దరు, ముగ్గురు, అయిదుగురు. వీధి నిండిపోయింది. అందరి కొంగులూ, అందరి పైటలూ వీపు మీద తడిసి ఉన్నాయి. అందరి జుట్లూ ముడి లేకుండా, నూనె చుక్క లేకుండా, కుంకుడుకాయ వాసనతో ఎండలో మెరుస్తున్నాయి. ఉదయగిరిలో ఇంతమంది ఆడవాళ్ళు పండగ కాని రోజు, పట్టపగలు, ఒకేసారి తలంటుకోవడం అంతకు ముందు జరగలేదు. బావుల్లో నీళ్ళు మూరెడు దిగాయని తరవాత చెప్పుకున్నారు.

"ఏందయ్యా నారాయణా!" మదార్‌బీ మెట్ల ముందు నిలబడి నడుం మీద చెయ్యి వేసింది. "ముసల్దాన్ని మాటలన్నావంట?"

"అన్నా అక్కా. ఆమె..."

"మళ్ళా అంటే ఈ వీధిలో నడవలేవు నువ్వు. చెప్తుండా. యాడ కూచోవాల మేము? వైర్లు తియ్యి."

రసూల్ సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అక్కా, నాలుగు నెలలు బతిమిలాడితే రాలేదే మీరు!"

"ఇప్పుడు వచ్చినాం. ఇల్లిల్లూ తిరిగింది హన్నమ్మక్క. మా ఇంటికి రాంగానే అరుగు మీద కూలబడింది, నీళ్ళడిగింది. తాగి, నాతో ఏమనిందో తెలుసునా?" మదార్‌బీ గొంతు మొదటిసారి తగ్గింది. తగ్గితే ఎలా ఉంటుందో ఆరోజే ఊరికి తెలిసింది. "'నాలుగు నెలలు ఆ వైర్లు పెట్టుకోని కూచున్నా మదారూ. నా మనసులో ఉండేదంతా ఒకటే, ఈ అబ్బయ పాసై ఊరు వదిలి పోతే పొద్దున్నే టీ ఎవరికి పెట్టాల అని. ఆ మాటే రాయలా ఆ మిషను. నీ అత్త సంగతి రాస్తదా?' అనింది. అంతే. నేను తలకి నీళ్ళు పెట్టుకున్నా."

రామనారాయణ ఆ తలల మధ్య హన్నమ్మ కోసం వెతికాడు.

ప్రొఫెసర్ గారు మెట్ల మీదికి వచ్చారు. పెదవులు కదుపుతూ తలలు లెక్కపెట్టారు. ఇరవై రెండు. ఈసారి ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేని ఇరవై రెండు తలలు. థీసిస్ నిలబడింది. ఆయన ముఖంలో మాత్రం ఆ సంతోషం లేదు.

"అమ్మా, హన్నమ్మ గారు ఎక్కడ?" అన్నారు.

"వెనకాల ఉంటది," అని మదార్‌బీ వెనక్కి తిరిగింది. ఆమె వెనకామె తన వెనకామెను చూసింది. అలా ఒకరి తరవాత ఒకరు, తడి జుట్లు ఇటు నుంచి అటు తిరుగుతూ, చూపు వరస చివర్లో ఉన్న ఓబమ్మ దాకా వెళ్ళింది. ఓబమ్మ కూడా వెనక్కి తిరిగి చూసింది. వీధి ఖాళీగా ఉంది.

"నా ఎనక ఎవరూ లేరే," అంది ఓబమ్మ. "మా ఇల్లు ఆఖరిది గదా, కొండ మలుపులో. నేను తలకి పోసుకోని వస్తా, నువ్వు కాసేపు నీడన కూచో అంటే ఇనలా. మీరొచ్చేసరికి గంజి కాయాలంట, ఉప్పు కలపాలంట. గబగబా పోయింది." రామనారాయణ ముఖం చూసి ఆమె గొంతు సన్నబడింది. "మా అందరికంటే ముందు బయల్దేరింది గదయ్యా. ఇంకా రాలేదా?"